సరస్వతీ మహల్‌కు తీరిక చేసుకుని వెళ్లు

అమ్మలూ, సెలవులకు తంజావూరు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. పెద్దగుడి ఎలాగూ చూస్తావు. ప్యాలెస్ ఆవరణలో ఉన్న సరస్వతీ మహల్ గ్రంథాలయానికి మాత్రం తీరిక చేసుకుని వెళ్లు తల్లీ.

అది మనకు పరాయి చోటు కాదు. నాయక రాజులు రఘునాథనాయకుడు, విజయరాఘవుడు, కవయిత్రి రంగాజమ్మ తెలుగులో కావ్యాలూ యక్షగానాలూ రాసింది ఆ ఊళ్లోనే. తర్వాత ఏలిన మరాఠా రాజులూ మన భాషను వదల్లేదు. శాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. ఇక రెండో శరభోజి (పాలన 1798–1832) పుస్తకాల పిచ్చి అంతా ఇంతా కాదు. కాశీయాత్రకు వెళ్లి కూడా రాతప్రతులు సేకరించాడు, ఐరోపా నుంచి అచ్చు పుస్తకాలు తెప్పించాడు. రాజుల సొత్తుగా ఉన్న ఆ భాండారం 1918లో ప్రజలదైంది.

మ్యూజియం గదిలో మనుషుల ముఖాలను జంతువుల ముఖాలతో పోల్చిన లెబ్రన్ అనే చిత్రకారుడి బొమ్మలుంటాయి. చూడు, బాగుంటాయి. కానీ తాటాకుల దగ్గర ఎక్కువసేపు నిలబడు. గంటంతో గీసి మసి పూసి తుడిస్తే, గీతల్లో మాత్రమే నలుపు నిలుస్తుంది. దారం కోసం పొడిచిన చిల్లు చుట్టూ చోటు వదిలి రాస్తారు. మాటకూ మాటకూ ఎడం ఉండదు కనుక మొదట ఒక్క ముక్కా బోధపడదు. కంగారుపడకు. తెలిసిన అక్షరం ఒకటి దొరకబుచ్చుకో, దాని పక్కదాన్ని కూడబలుక్కో. కాసేపటికి ఒక మాట పలుకుతుంది. పురుగు పట్టకుండా వస, మిరియాలు, లవంగాలు, కర్పూరం వంటివి దంచి గుడ్డ మూటలు కట్టి ఆ కట్టల మధ్య పెడతారు. అంత శ్రద్ధతో కాపాడితేనే అవి మనదాకా వచ్చాయి.

అద్దంలోంచి చూడటం వేరు, కూర్చుని చదవడం వేరు. నువ్వు తెలుగు ఎం.ఏ. చదువుతున్నదానివి, రెండోదే చెయ్యాలి. కేటలాగు చూసి ఒకే ఒక్క యక్షగానం ఎంచుకో. ఏ ప్రతి కావాలో, ఎందుకు కావాలో ముందే ఉత్తరం రాసి అనుమతి అడుగు. ఉత్తచేతులతో వెళ్లి పాతవి ఏవైనా చూపించమంటే పాపం వాళ్లు మాత్రం ఏం చూపిస్తారు? పెన్ను వద్దు, పెన్సిల్ తీసుకెళ్లు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పే అలవాటు మానుకో. అడక్కుండా ఫోన్ పైకి తియ్యకు. గ్రంథాలయం వాళ్లు స్వయంగా అచ్చువేసిన పుస్తకాలూ అమ్ముతారు. నువ్వు ఎంచుకున్నది అందులో ఉంటే కొనుక్కో, తాటాకు పక్కన అది ఉంటే చదవడం సులువవుతుంది.

అనుమతి రావడానికి రోజులు పట్టొచ్చు. టిక్కెట్టు కొనేలోపే ఆ ఉత్తరం రాసెయ్ తల్లీ.