పిట్టగోడకు ఎవరు డబ్బిస్తారు?



శ్రీవిల్లిపుత్తూరు అనగానే తెలుగువారికి ఆముక్తమాల్యద గుర్తుకు వస్తుంది. ఆ ఊరి చుట్టుప్రక్కల, విరుదునగర్ నుండి కోవిల్‌పట్టి వరకు, మా వంటి తెలుగు కుటుంబములు ఎన్నో తరములుగా కాపురమున్నవి. వాన మీద ఆధారపడిన నేల ఇది. సేద్యము చాలనివారికి అగ్గిపెట్టెల పని, బాణసంచా పని కూడు పెట్టినవి. ఆ పనే ఎందరి చేతులనో కాల్చినది కూడా.

అందుచేత ఈసారి ఒక ప్రశ్న మీ ముందు ఉంచుతున్నాను. గాయపడినవానికి సాయము చేయుట ధర్మమని అందరమూ ఒప్పుకుంటాము. గాయము కాకుండా చూచుటకు పదిమంది డబ్బు ఖర్చు చేయుట కూడా అంతే ధర్మమా? పెట్టెలో ఉన్నది కొంచెమే అయితే ఏది ముందు?

నేను ఉపాధ్యాయ శిక్షణ ముగించి ఒక పల్లె బడిలో చేరిన తొలి రోజులవి. బడికి పోయే దారిప్రక్క ఒక సేద్యపు బావి ఉండేది. చుట్టూ గోడ లేదు. ఒక సాయంకాలము మూడవ తరగతి పిల్లవాడు అందులో పడి చనిపోయాడు. రెండు రోజులలో ఊరంతా చందా వేసి ఆ తల్లి చేతిలో పెట్టారు. మరుసటి నెల బావికి గోడ కట్టుటకని నేను అవే ఇండ్లకు వెళ్ళాను. "ఇప్పుడు ఎవరూ పడలేదు కదా సారూ" అన్నారు. వట్టి చేతులతో తిరిగి వచ్చాను.

వారు కఠినులు కారు. ఏడ్చే తల్లి కంటికి కనబడుతుంది. పడకుండా మిగిలే పిల్లవాడు ఎవరో ఎవరికీ తెలియదు. వానికి పేరు లేదు గనుక వాని తరపున అడిగేవారు లేరు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో బాణసంచా కర్మాగారము ప్రేలి 40 మందికి దగ్గరగా మరణించారు. వారిలో చాలామంది అక్కడి పనివారు కారు. మంట చూచి, సాయపడదామని, ఏమైనదో చూద్దామని పరుగెత్తి వచ్చిన చుట్టుప్రక్కల జనము. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చంకుళములో ఇంకొక ప్రేలుడులో 20 మందికి పైగా పోయారు. రెండుసార్లూ ప్రభుత్వము పరిహారము ప్రకటించినది. అది ఇవ్వవలసినదే. అయితే మందుగుండు మండుతున్న చోటికి వెళ్ళవద్దని, దూరముగా నిలువమని చుట్టుప్రక్కల పల్లెలకు ముందే నేర్పుటకు ఎంత ఖర్చవుతుంది?

"అది యజమాని బాధ్యత కాదా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఒక్కొక్క గదిలో ఎందరు పనిచేయవచ్చునో, గదికి గదికి ఎంత దూరముండాలో నిబంధనలున్నవి. 1990లో సుప్రీం కోర్టు శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమ కేసులో పనివారికి 50,000 రూపాయల బీమా చేయించమన్నది. ఆ భారమును చందాలతో మనము మోస్తే యజమాని తప్పుకు మనము వెల కట్టినట్లే. కావున కర్మాగారపు గోడ లోపల మన డబ్బు పెట్టరాదు. అక్కడ మన పని నిలదీసి అడుగుట. గోడ వెలుపల ఉన్న బడి, బావి, రోడ్డు, ఇండ్లలో చాటుగా జరిగే బాణసంచా పని, వీటికి మనమే కావలి.

"ఫలితము ఎట్లా తెలుస్తుంది?" అన్నది రెండవ ప్రశ్న. స్వీడను దేశములో ఫాల్‌షోపింగ్ అనే పట్టణమున్నది. 1970ల చివర అక్కడివారు ఆసుపత్రికి వచ్చే గాయములను లెక్క వ్రాసి, ఏ గాయము ఎక్కడ అవుతున్నదో కనిపెట్టి, ఇండ్లలోను పనిచోట్లను జాగ్రత్తలు నేర్పారు. గాయములు తగ్గినవి. ఆ శ్రద్ధ సడలిన తరువాత మళ్ళీ పెరిగినవి. మనకు పేరు తెలియని ఆ పిల్లవాడు లెక్కలో కనబడతాడు.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే పడినవాని ప్రాణమునకు ఆ ఇల్లే ఉత్తరవాది అని ఉన్నది. ఎవరూ పడకముందే ఆ ఆజ్ఞ వచ్చినది.

డబ్బుకు దారి లేకపోలేదు. తమిళనాడులో 1997-98లో మొదలైన 'నమక్కు నామే' పథకము 2021లో అదే పేరుతో మళ్ళీ వచ్చినది. బడి ప్రహరీ గోడ వంటి ఊరుమ్మడి పనికి ప్రజలు మూడవ వంతు పెట్టుకుంటే మిగిలినది ప్రభుత్వము ఇస్తుంది. అయితే ఆ మూడవ వంతు ముందు మన చేతి నుండి రావాలి.

నా మనవి ఇది. గాయపడినవాని పది రూపాయలలో ఒక్క పైసా తగ్గించవద్దు. వానికి పది ఇచ్చిన రోజే పదకొండవ రూపాయి తీసి, ఆ గాయము ఎక్కడ అయినదో అక్కడ పెట్టుదము.

ఆ బావికి గోడ కట్టారా అని అడుగుతారేమో. కట్టారు. కొన్నేండ్లకు ఒక ఎద్దు అందులో పడిన తరువాత కట్టారు. ఎద్దు వెల అందరికీ తెలుసు.

మీ బడి దారిలో గోడ లేని బావి ఉన్నదేమో ఈ వారమే చూడండి. వచ్చే పెద్దల కూడికలో ఆ మాట ఎత్తండి.