ఫరో యెదుటికి పోకముందు

ధ్యాన భాగము: ఆదికాండము 41:1–16



మేము చేసిన ఒక పొరపాటును ఈ నెల మీ యెదుట ఒప్పుకొని మాటలాడగోరుచున్నాము.

మన సంఘములోని ఒక విధవరాలి కుమారుడు లెక్కలు వ్రాయు పని నేర్చుకొనెను. హైదరాబాదులో బషీర్‌బాగ్ నందున్న ఒక ఆఫీసునుండి అతనికి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినది. కొత్త చొక్కా, ప్యాంటు కుట్టించుకొనుటకు వడ్డీకి అప్పు తేవలెనా అని అతడు మమ్మును అడుగ వచ్చెను. అప్పు వద్దంటిమి, ఆ మాట మంచిదే. అయితే అంతటితో ఊరకుండక, "దేవుడు బట్టలు చూడడు బాబూ, మనసు చూస్తాడు. నిశ్చింతగా పోయిరా" అని ప్రార్థించి పంపివేసితిమి.

అతడు రాత్రి బస్సులో ప్రయాణము చేసి, తెల్లవారి ఆ నలిగిన చొక్కాతోనే ఆఫీసుకు పోయెను. గడ్డము పెరిగియుండెను. చెప్పులనిండ దుమ్ము ఉండెను. "బస్సు దిగి ఇటే వచ్చినావా?" అని మొదటి ప్రశ్న అడిగిరి, పక్కనున్నవారు నవ్విరి. తరువాత అడిగిన లెక్కలన్నియు తెలిసినవే గాని, సిగ్గుచేత అతని నోట మాట పెగలలేదు.

ఆదివారము ఆరాధన అయిన తరువాత అతడు మాతో ఒక్క మాట అనెను: "దేవుడు మనసు చూస్తడు అయ్యగారూ. మరి ఆ బల్ల వెనుక కూసున్నోళ్లు మనుషులే గద!"

ఆ మాట మమ్మును గుచ్చెను. ఇంటికి పోయి 1 సమూయేలు 16:7 మరల చదివితిమి. దేవుడు అంతరంగమును చూచునని అందులో ఉన్నది నిజమే. నరుడు పైరూపమును చూచునని కూడ ఆ వచనములోనే ఉన్నది. మేము ఆ బిడ్డకు సగము వచనము మాత్రమే ఇచ్చి పంపితిమి.

ఇప్పుడు యోసేపును చూడుడి. ఫరో సేవకులు అతనిని చెరసాలనుండి త్వరపెట్టి రప్పించిరి. అంత తొందరలోను అతడు క్షౌరము చేయించుకొని, బట్టలు మార్చుకొని, అటుపిమ్మట రాజు సన్నిధికి పోయెను. దేవుడు తనకు తోడైయున్నాడని యోసేపుకు తెలియదా? తెలియును. అయినను క్షౌరము మానలేదు. హెబ్రీయులు గడ్డము పెంచువారు. ఐగుప్తీయులో క్షౌరమునే శుభ్రతగా ఎంచువారు. వారి యాజకులు దేహమంతయు క్షౌరము చేయించుకొనెడివారని గ్రీకు చరిత్రకారుడైన హెరొడొటస్ వ్రాసెను. తాను ఎవరి యెదుట నిలువబోవుచున్నాడో వారి మర్యాదను యోసేపు పాటించెను.

మరియొక సంగతి. తండ్రి ఇచ్చిన విచిత్రమైన అంగీని అన్నలు ఊడదీసిరి. రెండవ వస్త్రము పోతీఫరు భార్య చేతిలో చిక్కెను. రెండుమారులు బట్టలు పోయినను యోసేపు యోసేపుగానే ఉండెను. అట్లే ఫరో యెదుట వేషము మారినను అతని మాట మారలేదు. కలల భావము చెప్పుట తన వలన కాదనియు, దేవుడే ఉత్తరమిచ్చుననియు మొదటనే చెప్పెను. శుభ్రముగా తయారగుట వేరు, లేనిది ఉన్నట్లు నటించుట వేరు.

"గొప్పవారు చిరుగు బట్టలు కట్టుకొనలేదా?" అని కొందరు అడుగుదురు. బషీర్‌బాగ్ చుట్టుపట్లనే దీనికి జవాబున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ గారికి బట్టలమీద ఎంతో మక్కువ. ఆయన దుస్తుల బీరువాలను పురానీ హవేలీలో నేటికిని చూపుదురు. ఆ దుస్తులను కనిపెట్టిన సేవకుడు ఆల్బర్ట్ ఆబిద్. అతడు తెరచిన దుకాణమునుబట్టియే ఆబిడ్స్ అను పేరు వచ్చెను. ఆరవ నిజాము కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ గారో, 1937లో లోకములోకెల్ల ధనవంతుడని పత్రికలకెక్కియు, పాత షేర్వాణీతో, మాసిన టోపీతో 1967లో చనిపోవువరకు కింగ్ కోఠీలో కాలము గడిపెను. ధనవంతుడు చిరుగు తొడిగిన నిరాడంబరుడందురు. విధవరాలి కుమారుడు నలిగిన చొక్కా తొడిగిన శ్రద్ధలేనివాడందురు. ఇది న్యాయము కాదు. ఇట్టి పక్షపాతమును యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో గద్దించెను. బల్ల వెనుక కూర్చుండు విశ్వాసులు, మన సంఘ పెద్దలు కూడ దానిని చదివి హృదయమును పరీక్షించుకొందురు గాక. అయితే లోకము మారువరకు మన బిడ్డలను సిద్ధపరచకుండ పంపరాదు.

యౌవనస్థులారా, సిద్ధపాటుకు సొమ్ము అంతగా అక్కరలేదు. కొత్తది కానక్కరలేదు; ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా చాలును. ఇంటర్వ్యూ బట్టలను ప్రయాణములో తొడుగక సంచిలో మడిచి పెట్టుకొనుడి. వీలైన యెడల ముందు దినమే నాంపల్లి స్టేషనులో దిగి, తెలిసినవారి ఇంట నిద్రించి, ఉదయము స్నానముచేసి పోవుడి. అక్కడనుండి బషీర్‌బాగ్ ఎంతో దూరము లేదు. గోళ్లు తీసికొని, తల దువ్వుకొని, చెప్పులు తుడుచుకొనుడి. కుమార్తెలారా, మీకు అలవాటైన శుభ్రమైన చీరయో, చుడీదారో చాలును; నగలు ఎరువు తేనక్కరలేదు. సర్టిఫికెట్లు వరుసగా పెట్టుకొని, సెల్‌ఫోను ఆపి, వేళకు ముందే చేరుడి.

పెద్దలారా, ఇది ఆ బిడ్డ ఒక్కని భారము కాదు. రెండవమారు పిలుపు వచ్చినప్పుడు ఒక సహోదరుడు తన పెండ్లి బూట్లు ఇచ్చెను. ఒక తల్లి చొక్కా ఇస్త్రీ చేసెను. మేము బస్సు చార్జీలిచ్చి, పట్నములో ఒక విశ్వాసి ఇంట బస ఏర్పాటు చేసితిమి. ఈసారి వారు అతని బట్టలనుగూర్చి ఏమియు అనలేదు, లెక్కలనుగూర్చి అడిగిరి. అతడు తడబడక చెప్పెను. ఆ పని అతనికి దొరికినది. ఆ బూట్లు ఇప్పుడు మందిరపు పెట్టెలో ఉన్నవి, తరువాత పోవువారికొరకు.

ప్రార్థన: తండ్రీ, మా హృదయములను ఎరిగినవాడా, నీ యెదుట నిర్మలముగాను మనుష్యుల యెదుట మర్యాదగాను నిలుచుటకు మా బిడ్డలకు సహాయము చేయుము. వారిని వట్టి మాటలతో పంపివేయకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.