మనకంటే ముందు ఆడినదెవరు?



కుప్పం నుండి తెల్లవారే బెంగుళూరు రైలెక్కితే మీరే చూస్తారు: సీటు దొరికినవారూ, దొరకక నిలబడినవారూ సెల్‌ఫోనులో రంగురంగుల మిఠాయిలను జరుపుతుంటారు. 2012లో వచ్చిన ‘క్యాండీ క్రష్’ ఆట అది. పుంగనూరులో రాత్రి జపమాలకు పిలిస్తే “ఇంకొక్క లెవెల్ అమ్మా” అనే పిల్లలకూ అది పరిచయమే.

ఆ లెవెల్‌ను మనకంటే ముందు ఒక యంత్రం ఆడి చూడగలదని ఎందరికి తెలుసు? ఆ ఆటను తయారుచేసిన కింగ్ సంస్థ పరిశోధకులు 2018లో ఈ పద్ధతిని ప్రకటించారు. ఆటగాళ్ళు ఏ సందర్భంలో ఏ మిఠాయిని జరిపారో ఆ లెక్కలన్నీ చూపి కృత్రిమ మేధకు నేర్పారు. గొప్ప ఆటగాడిలా గెలవడం కాదు, మామూలు మనిషిలా ఆడడం. దానితో పదేపదే ఆడించి, కొత్త లెవెల్ ఎంత కష్టమో ముందుగానే అంచనా కడతారు.

ఇందులో తప్పేముంది? ఒకే లెవెల్‌ను రోజంతా ఆడి చూడడం మనిషికి విసుగు పని. (ఆ విసుగు పనితోనే ఉద్యోగం మొదలుపెట్టే యువకులున్నారు. వారి సంగతి మరోసారి మాట్లాడుకుందాం.)

మదనపల్లె మార్కెట్టులో వ్యాపారి టమాటాను నొక్కి చూస్తాడు. సరుకు దూరప్రయాణానికి నిలుస్తుందా అన్నది అతని చింత, అది న్యాయమే. మరి ఈ పరీక్షలో నిలవవలసిన సరుకు ఏది? ఆటా, మనమా?

ఆ ఆటలో ఐదు ప్రాణాలిస్తారు. ఓడినప్పుడల్లా ఒకటి పోతుంది. పోయినది తిరిగి రావాలంటే అరగంట ఆగాలి, లేదా డబ్బు పెట్టాలి. కనుక ఎక్కడ ఓడిపోతామో ముందే తెలిసినవాడు, విసిగించే లెవెల్‌ను సులువు చేయనూవచ్చు, సరిగ్గా మన చేయి పర్సు మీదికి పోయేచోట దాన్ని నిలపనూవచ్చు. యంత్రం అంకె మాత్రమే ఇస్తుంది. నిర్ణయం మనిషిది, పాపమైనా పుణ్యమైనా అతనిదే.

2025 జనవరిలో వాటికన్ వెలువరించిన ‘ఆంతిక్వా ఎత్ నోవా’ పత్రం, మనిషి తెలివి శరీరంతో ముడిపడినదని గుర్తుచేసింది. నిజమే, ఎన్నిసార్లు ఆడినా యంత్రానికి కళ్ళు మండవు, మరునాడు బడి ఉండదు. ఆటపై అదుపు తప్పడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 నుండి అమలులో ఉంది.

ఈ ఆదివారం పూజ తరువాత మీ పిల్లవాడి పక్కన కూర్చుని మీరూ ఆడండి. ఐదో ప్రాణం పోయినప్పుడు తెరమీద ఏమి అడుగుతుందో ఇద్దరూ కలిసి చదవండి.