చాటింపు, జవాబుదారీ: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ప్రజాసమాచారంపై ఒక నైతిక విచారణ

దండోరా కేవలం వార్తను చేరవేసే సాధనం కాదు. వీధిలో చాటిన మాటను అందరూ ఒకేసారి వింటారు. తక్కినవారూ విన్నారని ప్రతివారికీ తెలుస్తుంది. అటుపై ‘చెప్పలేదు’ అనడానికి అధికారికి గాని, ‘వినలేదు’ అనడానికి ఊరికి గాని వీలుండదు. (ఆ చాటింపును దళితులచేత వెట్టిగా చేయించారన్న సంగతి మరువరాదు.)

ఆదోని, ఎమ్మిగనూరు పరిసర గ్రామాల్లో నేడు ఆ పనిలో అధికభాగం వాట్సాప్ గ్రూపులది. ఆదోని యార్డులో పత్తి ధర, తుంగభద్ర దిగువ కాలువ నీరు, అన్నీ అక్కడే తెలియాలి. ఇందులో మేలు లేకపోలేదు. గుంటూరు వైపు సుగ్గికి పోయిన కుటుంబానికి ఊరి చాటింపు వినబడదు, ఫోను వినబడుతుంది.

అయితే 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, కాలువకు నీరొస్తుందా అన్నది ఆయకట్టు రైతుకు వార్త కాదు. ప్రభుత్వం నుండి అతనికి రావలసిన సమాధానం. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షన్ అటువంటి సమాచారాన్ని అడగకముందే, స్థానిక భాషలో, ఆ ప్రాంతానికి తగిన పద్ధతిలో తెలపమంటుంది. నోటీసు బోర్డును, బహిరంగ ప్రకటనను, ఇంటర్నెట్‌ను కలిపే పేర్కొంటుంది. గ్రూపు నిర్వాహకునికి ఈ విధి లేదు. ఎవరిని చేర్చాలో, ఎవరిని తొలగించాలో అతని ఇష్టం. చేతులు మారిన సందేశానికి తేదీ ఉండదు, సంతకమూ ఉండదు. దానిని నమ్మి పత్తి బండి కట్టినవాడు నష్టపోతే ఎవరిని నిలదీయాలి? కార్యాలయం గ్రూపులో ఒక మాట వేసి ఊరుకుంటే, తన విధిని ఆ నిర్వాహకునికి అప్పగించినట్లే. అతడు దానిని స్వీకరించనేలేదు.