చూచువాని ఋణము

పక్షిని జంపువాఁడు పాపి, చూచి యానందించువాఁడు నిర్దోషి: ఈ విభాగము మనకుఁ జిన్ననాఁటినుండియు నలవడినది. రామాయణము పుట్టుటయే, క్రౌంచమిథునములో నొకదానిని గూల్చిన బోయపై ఋషికిఁ గలిగిన శోకకోపములనుండి. బడిలో నా ఘట్టమును బోధించునపుడు బోయవాని పక్షమున నొక్కమాటయైనను జెప్పవలెనని మాకెన్నఁడును దోఁచలేదు. ఉత్తర అమెరికాలోని యొక గడ్డిసీమను జూచివచ్చిన పిదప నా పాఠము మునుపటివలె సాఁగుట లేదు.

మా పూర్వశిష్యుఁడొకఁడు ఉత్తర డకోటా రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాఁడు. వేసవి సెలవులలో మమ్ము రప్పించుకొని పదిదినములు తన కారులోఁ ద్రిప్పెను. ఆ దేశమును బ్రెయిరీ యందురు. చెట్టు తక్కువ, గడ్డి యెక్కువ, ఆకాశము మఱియు నెక్కువ. పదివేల యేండ్లకుఁ బూర్వము హిమరాశులు కరఁగుచు వెనుకకుఁ దగ్గినపుడు నేలపై లక్షలకొలఁది పల్లములు మిగిలినవి. అవియే నేఁటి కుంటలు. కెనడాలోని ఆల్బర్టా మొదలు అమెరికాలోని అయోవా వఱకు దాదాపు 7 లక్షల చదరపు కిలోమీటర్ల మేర నీ కుంటలసీమ వ్యాపించియున్నది. ఆ ఖండపు నీటిబాతులలో సగమునకుఁ బైగా నిచ్చటనే పిల్లలను జేయునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

పక్షులను జూడఁగోరువారు లాస్ట్‌వుడ్, చేస్ లేక్ మొదలగు రక్షితస్థలములకుఁ బోవుదురు. కాని పల్లెబాట ప్రక్కఁ గారు నాపి, దిగకుండఁ గూర్చున్నను జాలును. కారును బక్షులు లెక్కచేయవు, దిగిన మనుష్యుని జూచియే యెగిరిపోవును. ఒక చెఱువులో గ్రీబులను నీటిపక్షుల జంటను జూచితిమి. రెండును మెడలు వంచి, నిలువుగా లేచి, ఒకదాని ప్రక్క నొకటి నీటిమీఁదఁ బరుగెత్తినవి. ఈఁత కాదు, ఎగురుట కాదు, పరుగే! మేము నలువదియేండ్లు దాఁటినవారమన్న మాట మఱచి చప్పట్లు చఱచితిమి.

చేస్ లేక్‌లోని తెల్లగూడబాతులను మాత్రము దూరమునుండియే చూడనిత్తురు. గూళ్లున్న దీవులకుఁ బోరాదు. వినోదముకొఱకుఁ గాల్చివేయఁగా నొకప్పుడచ్చట నేఁబదికి మించి మిగులలేదఁట. 1908లో నధ్యక్షుఁడు రూజ్వెల్టు దానిని రక్షితస్థలముగాఁ బ్రకటించెను. నేఁడవి వేలకొలఁది.

ముండకోపనిషత్తులో నొకే చెట్టుపై రెండు పక్షులున్నవి. ఒకటి పండు తినును. రెండవది తినక చూచుచుండును. చూచునదానినే పెద్దలు పొగడిరి. దుర్భిణి చేతఁబట్టిన మేమును నా రెండవ పక్షి జాతివారమేయని కొంత గర్వపడియుంటిమి. ఆ గర్వము రెండుచోట్ల విఱిగినది.

మొదటిది తపాలా కార్యాలయమున. మా శిష్యుఁడు ‘బాతు స్టాంపు’ కావలెననఁగా నచ్చటి యుద్యోగిని, ‘వేఁటకా?’ యని యడిగెను. 1934లో నా దేశమున నొక చట్టము చేసిరి. పదునాఱేండ్లు నిండిన ప్రతి బాతులవేఁటకాఁడును స్టాంపొకటి కొని, దానిపై సంతకము చేయవలెను. నాఁడు వెల యొక డాలరు. 2014 నాఁటి చట్టముచే నిరువదియైదు డాలర్లయినది. ఆ సొమ్ముతోఁ గుంటలను, గడ్డినేలలను గొని కాపాడుచున్నారు. ఇట్లు నిలిచిన నేల 60 లక్షల యెకరములకుఁ బైమాట. ఇతరులును గొనవచ్చును, నిర్బంధము లేదు. చూచి యానందించువాఁడు కాసైన నీయక చూడవచ్చును. అనఁగా మేము చప్పట్లు చఱచిన సీమలోఁ జాలభాగము నిలిచినది తుపాకి పట్టినవాని డబ్బుతో!

వాఁడు చంపుటకే పెంచుచున్నాఁడు గదా యనవచ్చును. నిజమే. ఇది యావును మేపుటవంటిది కాదు, మేఁకను మేపుటవంటిది. వాని సొమ్ము వాని హింసను గడిగివేయునని మేమనము. కాని యా కుంటయొడ్డున నెవ్వరును వేఁటాడని పిట్టలెన్నియో బ్రదుకుచున్నవి. వానికి వేఁటకాని యుద్దేశముతోఁ బనిలేదు, నీటితోఁ బని. అయోవాలో రెండువందల యేండ్లలో నూటికి 89 పాళ్లు తేమనేలలు మాయమైనవి. వానిని హరించినది తుపాకి కాదు, మొక్కజొన్నకును సోయాకును దారి చేసిన మురుగుకాలువ. ఆ పంటను దిన్నవాఁడు పక్షిపైఁ గత్తి యెత్తలేదు. వాని చేతికి నెత్తురంటలేదు. నిర్దోషి యనుట యిదియేనా?

రెండవది మా స్వంత యపరాధము. లాస్ట్‌వుడ్‌నుండి తిరిగి వచ్చుచు, ఫొటో కొఱకు మేము కారు దిగి గడ్డిలోఁ బది యడుగులు నడచితిమి. కాలిదగ్గఱనుండి యాఁడుబాతొకటి దిగ్గున లేచినది. క్రింద గూడు, అందులోఁ దొమ్మిది గ్రుడ్లు. తానై మేఁతకుఁ బోవునపుడు తన రొమ్ము నూఁగుతో వానిని గప్పిపోవును. బెదరి లేచినదానికిఁ గప్పుటకు వ్యవధియెక్కడిది? మేము వెనుకకుఁ బరుగెత్తి కారెక్కితిమి. అరగంట వేచితిమి. అది రాలేదు. ‘వచ్చునులెండి, మాస్టారూ’ అని మా శిష్యుఁ డనెను గాని, కారును జాలదూరము మాటాడకుండ నడపెను. ఆ దినము వేఁటకాఁడెవఁడో మాకుఁ దెలియును.

మన దేశమున నీ లెక్క మఱింత చిక్కైనది. కొల్లేటిలో 2006లోఁ జేపలచెఱువుల గట్లు పగులఁగొట్టినపుడు, పక్షులకున్న విలువ మాకు లేదాయని లంకగ్రామములవా రడిగిరి. ఎయిర్ కండిషన్ గదులలోఁ గూర్చుండి వారికి నీతి చెప్పినవారిలో మేమును నుంటిమి. చెప్పితిమి గాని యొక్క రూపాయి యీయలేదు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమువారు మాత్రము తమ చెట్లపై విడిదిచేయు గూడబాతులను ఊరికి శుభమని తలంచి, నీతి చెప్పకయే కాచుచున్నారు.

మేము కొన్న స్టాంపు మా రామాయణపుస్తకములో నున్నది. సంతకము లేదు; జూన్ 30తో గడువును దీఱినది. బడి తెఱచిన పిదప క్రౌంచఘట్టము వచ్చినపుడు, వెనుకబల్లనుండి యొక బాలిక లేచి, ‘మాస్టారూ, బోయవానిని శపించిన ఋషి, మిగిలిపోయిన పక్షికేమి చేసెను?’ అని యడిగెను. సోమవారము చెప్పెదమంటిమి. రెండు సోమవారములు గడచినవి.