ద్రౌపది అడిగిన ప్రశ్న, నష్టాల్లో ఉన్న షాపు



ఈ వారం వీడియోలో మాయాజూదం కథ చెప్పుకున్నాం. టైమ్ సరిపోక అక్కడ వదిలేసిన ఒక విషయం ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఇది కౌరవుల గురించి కాదు, మన గురించే. ఒక చిన్న వ్యాపారం నష్టాల్లో నడుస్తోంది. అప్పులన్నీ సొంత పేరు మీదే ఉన్నాయి. ఇంకో ఆరు నెలలు లాగితే ఇల్లు కూడా పోయేలా ఉంది. అలాంటప్పుడు షాపు మూసేయడం ధర్మమా, అధర్మమా?

మన వయసువాళ్ల దగ్గర దీనికి రెండు రెడీమేడ్ జవాబులు ఉంటాయి. ఒకటి, గెలిచేదాకా వదలొద్దు అనేది. రెండోది, అంతా మాయ, నీదంటూ ఏదీ లేదు, వదిలేయ్ అనేది. నాకు రెండూ సరిగ్గా అనిపించవు. మొదటిది ఇంట్లోవాళ్లని మర్చిపోతుంది. రెండోది అప్పు ఇచ్చినవాళ్లని మర్చిపోతుంది.

ముందు లెక్క చూద్దాం

కూకట్‌పల్లిలో ఒక కర్రీ పాయింట్ ఉందనుకుందాం. ఉద్యోగం చేసి దాచుకున్న 6 లక్షలతో మొదలుపెట్టారు. షాపు అడ్వాన్సు, స్టవ్‌లు, ఫ్రిజ్, గిన్నెలు, బోర్డు... అంతటితో ఆ డబ్బు అయిపోయింది. నెలకి 20 వేలు లోటు వస్తోంది. తెలిసినవాళ్ల దగ్గర 5 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. అంటే నెలకి 10 వేలు, ఏడాదికి 1,20,000 వడ్డీ. ఇప్పుడు లోటు 20 వేలు కాదు, 30 వేలు. 17 నెలలు తిరక్కుండానే తెచ్చిన 5 లక్షలూ ఖర్చయిపోతాయి. తీర్చాల్సిన అసలు మాత్రం పైసా తగ్గదు. ఆ తర్వాత భార్య నగలు గోల్డ్ లోన్‌కి వెళ్తాయి. ఆ తర్వాత నాన్నగారి ఇంటి కాగితాలు.

ఇలాంటి షాపులు చాలావరకు ప్రొప్రయిటర్‌షిప్‌లే. చట్టం దృష్టిలో షాపు వేరు, ఓనరు వేరు కాదు. షాపు అప్పంటే ఓనరు అప్పే. కంపెనీగా రిజిస్టర్ చేసుకున్నా, బ్యాంకుకి పర్సనల్ గ్యారంటీ సంతకం పెడితే ఆ అప్పు మన ఇంటి గుమ్మం దాకా వస్తుంది.

ద్రౌపది ఏమడిగింది?

ఇప్పుడు జూదం దగ్గరికి వద్దాం. ధర్మరాజు ఒడ్డిన వరుస గుర్తు చేసుకోండి. ముందు ధనం పోయింది, తర్వాత రాజ్యం. అప్పటిదాకా ఒడ్డింది సొమ్ము. ఆ తర్వాత నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు. ఆ తర్వాత తనను తానే. చివరికి ద్రౌపది. ప్రతి పందెం ముందూ ఆయన మనసులో ఉన్నది ఒకటే అయి ఉంటుంది: ఈ ఒక్కటి గెలిస్తే పోయిందంతా వచ్చేస్తుంది. వ్యాపారంలో నష్టపోతున్నవాడి మనసులో తిరిగేది కూడా అచ్చంగా ఇదే. దసరా సీజన్ ఒక్కటి బాగుంటే చాలు, ఆ ఒక్క ఆర్డర్ వస్తే చాలు.

సభకి రమ్మని కబురొచ్చినప్పుడు ద్రౌపది ముందుగా ఏడవలేదు, ఒక ప్రశ్న అడిగి పంపింది. ఆయన ముందు తనను తాను ఓడిపోయాడా, లేక నన్ను ఓడిపోయాడా? తనను తానే ఓడిపోయినవాడికి ఇంకొకరిని పందెం కాసే హక్కు ఎక్కడిది? ఆ సభలో అంత పెద్దవాళ్లు ఉండి కూడా సూటిగా జవాబు చెప్పలేకపోయారు. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనదని అన్నాడు. కౌరవుల్లో ఒకడైన వికర్ణుడు మాత్రం ఆమె అడిగింది న్యాయమన్నాడు.

నా దృష్టిలో షాపు మూసేయాలా వద్దా అన్నదానికి కొలబద్ద ఈ ప్రశ్నే. నాకు పట్టుదల ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. రేపటి నుంచి నేను ఒడ్డబోయేది ఎవరిది? అది ముందు తేలాలి.

నా సొంత డబ్బు, నా శ్రమ, నా నిద్ర ఒడ్డితే అది నా సాహసం. ఎవరూ తప్పుపట్టరు. భార్యకి లెక్క మొత్తం చూపించి, ఆమె ఆలోచించుకుని సరే అని నగలు ఇస్తే, అది ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం. కానీ లెక్క చెప్పకుండా, "వచ్చే నెల విడిపించేస్తాలే" అని తీసుకెళ్తే? కూరగాయలాయన నమ్మకం మీద సరుకు వేసి వెళ్తున్నాడు. వంటమనిషికి రెండు నెలల జీతం ఆగింది. వచ్చే ఆదివారం ఫంక్షన్‌కి ఒకరు అడ్వాన్సు ఇచ్చారు, అప్పటికి షాపు ఉండదని మనకి తెలుసు. వీళ్లెవరూ మన జూదంలో కూర్చోలేదు. వాళ్లకి తెలియకుండా మనం వాళ్లని ఒడ్డుతున్నాం. నష్టం రావడం పాపం కాదు, అది ఎవరికైనా వస్తుంది. ఇక నిలబడదని తెలిసిన రోజు తర్వాత, తెలియనివాళ్ల దగ్గర తీసుకునే ప్రతి రూపాయీ అధర్మం. ఆ రోజు దాటాక షాపు తెరిచి ఉంచడమే తప్పు, మూయడం కాదు.

మరి అర్జునుడిని వెళ్లొద్దన్నాడు కదా?

ఈ మాట ఎవరైనా అంటారు. యుద్ధం వదిలేస్తానన్న అర్జునుడిని నిలబెట్టిన కృష్ణుడే, మధురను వదిలి వెళ్లాడని గుర్తుంచుకోవాలి. జరాసంధుడు 17 సార్లు దండెత్తితే 17 సార్లూ ఓడించాడు. ఇంకోసారి వచ్చే సమయానికి రెండో వైపు నుంచి కాలయవనుడు కూడా వచ్చాడు. ఇద్దరూ కలిసి వస్తే తన ప్రజలు నలిగిపోతారని కృష్ణుడు ఆలోచించాడు. ద్వారక కట్టించి, ముందు ప్రజల్ని అక్కడికి చేర్చాడు. గుజరాత్‌లోని డాకోర్‌లో ఆయన్ని ఈనాటికీ రణ్‌ఛోడ్‌రాయ్ అనే పేరుతో కొలుస్తారు. అంటే యుద్ధం వదిలి వెళ్లినవాడు. దాన్ని భక్తులు పరువు తక్కువ అనుకోలేదు, దేవుడి పేరుగా పెట్టుకున్నారు.

తేడా ఎక్కడుంది? అర్జునుడు దుఃఖంతో, కళ్ళముందున్న బాధ్యత నుంచి తప్పుకోవాలనుకున్నాడు. కృష్ణుడు తనని నమ్ముకున్నవాళ్లని కాపాడటం కోసం చోటు మారాడు. బయటికి రెండూ వెనకడుగులాగే కనిపిస్తాయి. ఎవరి కోసం వెనకడుగు అన్నదే అసలు సంగతి.

మూయడం అంటే పారిపోవడం కాదు

తెలుగునాట "ఐపీ పెట్టాడు" అనే మాట దాదాపు తిట్టులా వాడతాం. ఎందుకంటే ఆస్తంతా బావమరిది పేరు మీద రాసేసి, రాత్రికి రాత్రి తాళం వేసి, తర్వాత కోర్టుకి వెళ్లినవాళ్లని ఊళ్లు చూశాయి. కానీ ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంతే. తీర్చలేనని కోర్టు ముందు ఒప్పుకుని, ఉన్నదంతా చూపించడం. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది గానీ, వ్యక్తులకి సంబంధించిన భాగం 2019 డిసెంబర్ నుంచి కంపెనీ అప్పులకి పర్సనల్ గ్యారంటీ ఇచ్చినవాళ్లకే అమల్లోకి వచ్చింది. మామూలు షాపు ఓనరుకి మన దగ్గర 1920 నాటి పాత చట్టమే దారి.

ఆ పాత చట్టంలో నాకు నచ్చిన సంగతులు ఉన్నాయి. పిటిషన్‌కి ముందు రెండేళ్లలోపు, సరైన ధర లేకుండా, సదుద్దేశం లేకుండా ఇంకొకరికి రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేయగలదు. ఒక్క అప్పులవాడికే లాభం చేయాలని మూడు నెలల్లోపు అతనికి కట్టేస్తే, అదీ చెల్లదు. చివరికి కోర్టు విముక్తి ఇచ్చినా, మోసంతో చేసిన అప్పు నుంచి విముక్తి రాదు. ఇంకోవైపు, ఒంటి మీద బట్టలు, వంట గిన్నెలు, పక్కబట్టలు, చేతిపని చేసుకునేవాడి పనిముట్లు జప్తు చేయకూడదు. మతాచారం ప్రకారం స్త్రీ తీసివేయకూడని ఆభరణాలు కూడా. అంటే తాళిని చట్టం ముట్టుకోదు. నిజాయితీగా ఓడినవాడికీ, మోసం చేసినవాడికీ చట్టమే తేడా చూపిస్తోంది. మనమే ఇద్దరినీ ఒకే మాటతో తిడుతున్నాం.

అప్పు తీర్చడం ధర్మం కాదా అంటే, ధర్మమే. మనకి హరిశ్చంద్రుడు ఉన్నాడు. వెంటపడే వసూలుదారుని ఇప్పటికీ నక్షత్రకుడు అనే పిలుస్తాం. హరిశ్చంద్రుడి దగ్గర నేర్చుకోవాల్సింది, ఆయన ముఖం చాటేయలేదు. ఇవ్వాల్సింది ఇంత అని ఒప్పుకున్నాడు, గడువు అడిగాడు, గడువు నాటికి ఎదురుగా నిలబడ్డాడు. కానీ చంద్రమతిని, లోహితాస్యుడిని అమ్మిన భాగాన్ని నేను ఆదర్శంగా తీసుకోలేను. ద్రౌపది ప్రశ్న అక్కడ కూడా వర్తిస్తుంది. సత్యం ఆయనది. అమ్ముడుపోయింది వాళ్లు.

అప్పిచ్చినవాడికీ హద్దు ఉంది. ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలుని మించకూడదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనే ఉంది. రుణం ధర్మమే గానీ, అది మనిషిని జీవితాంతం నమిలి మింగే యంత్రం కాకూడదని పూర్వీకులకీ తెలుసు.

నా అభిప్రాయం ఇది. కోర్టు విముక్తి ఇస్తే బలవంతం పోతుంది, కృతజ్ఞత పోదు. మళ్లీ ఉద్యోగంలో కుదురుకున్నాక, ముందు కూరగాయలాయన, వంటమనిషి లాంటివాళ్ల బాకీ గుర్తుంచుకుని మెల్లగా తీర్చడం మంచిది. చట్టం అడగకపోయినా సరే. ఆ 15 వేలు బ్యాంకుకి ఒక అంకె. ఆయనకి పిల్లల స్కూలు ఫీజు.

దేవుడే చూసుకుంటాడా?

రామదాసు బాకీ రాముడే వచ్చి కట్టాడు కదా అని ఎదురుచూసేవాళ్లు ఉంటారు. ఆ కథలో రామదాసు గోల్కొండ చెరసాలలో ఉన్నాడని మాత్రం మర్చిపోతాం. ఆయన దాక్కోలేదు, బాకీ లేదని అబద్ధం ఆడలేదు. కృప వస్తే రానివ్వండి. వచ్చేలోపు దాన్ని నమ్ముకుని ఇంకో అప్పు చేయడం భక్తి కాదు, దేవుడి పేరు మీద పందెం.

కాబట్టి మూయాల్సి వస్తే, ముందు ఇంట్లో లెక్క మొత్తం చెప్పండి. తర్వాత పనివాళ్లకి చెప్పండి, వేరే పని వెతుక్కునే టైమ్ ఇవ్వండి. కొత్త అడ్వాన్సులు ఆపేసి, తీసుకున్నవి వెనక్కి ఇవ్వండి. బ్యాంకు ఫోన్ చేసేదాకా ఆగకుండా మీరే వెళ్లండి. ఖాళీ చెక్కులు ఇంకెవరికీ ఇవ్వొద్దు, చెక్ బౌన్స్ కేసులో రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఒక మంచి లాయరుతో మాట్లాడాకే ఏ ఆస్తినైనా కదిపే ఆలోచన చేయండి.

చివరగా పరువు గురించి ఒక్క మాట. తిరుమల స్థలపురాణం ప్రకారం శ్రీనివాసుడు పెళ్లి కోసం కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, ఇంకా వడ్డీ కడుతూనే ఉన్నాడు. వడ్డీకాసులవాడని ముద్దుగా పిలుచుకుంటాం. అప్పున్న దేవుడి దర్శనానికి గంటల తరబడి లైన్లో నిలబడతాం. అప్పున్న మనిషి ఎదురైతే పక్క సందులోకి తప్పుకుంటాం. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా షాపు మూసేసి ఉంటే, ఈ వారం ఒకసారి వెళ్లి పలకరించి రండి. అప్పు సంగతి ఎత్తకండి, భోంచేశావా అని అడగండి.

ఇది చదువుతున్న మీరే ఆ పరిస్థితిలో ఉండి, బతికి ఏం లాభం అనే ఆలోచన వస్తుంటే, టెలీ మానస్ 14416కి ఇప్పుడే ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపేదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మీ ప్రాణం కూడా మీ ఒక్కరిదే కాదు. దాన్ని ఒడ్డే హక్కు ధర్మరాజుకి లేదు, మీకూ లేదు.

జై శ్రీకృష్ణ.