వాణ్ణి గుండెల మీదికి తీసుకో

అమ్మలూ,

మొన్న ఆదివారం మీ ఇంట్లో చూసిందే కళ్లలో మెదులుతోంది. వెనక గదిలో ఉయ్యాల. తుండు మడతపెట్టి, దాని మీద పాలసీసా ఆనించి, పీక మనవడి నోట్లో పెట్టి ఉంది. పాలు అయిపోయినా వాడు కిక్కురుమనలేదు, ఫ్యాను వంకే చూస్తున్నాడు. "అసలు ఏడవడు పెద్దమ్మా, బుద్ధిమంతుడు" అన్నావు. నాకు నోట మాట రాలేదు.

నీ మీద కోపం కాదు తల్లీ. 29వ వారంలో పుట్టిన పసిగుడ్డు, 1,100 గ్రాములు, 50 రోజులు అద్దాల పెట్టెలో ఉండి వచ్చాడు. తాకితే ఏమవుతుందోనని నీ భయం. ఎత్తుకుంటే చేతులు మరుగుతాడని వదినగారి మాట. ఇద్దరిదీ ప్రేమే. కానీ వాడికి తెలిసేది ఒక్కటే: దగ్గరికి ఎవరూ రావడం లేదు.

కడుపులో చివరి మూడు నెలల్లోనే మెదడు గబగబా పెరుగుతుంది, దాని మడతలు ఏర్పడేది ఎక్కువగా అప్పుడే. మనవాడికి ఆ పెరుగుదల సూదుల మధ్య, మిషన్ల మోతలో జరిగింది. అసలే లోటుతో వచ్చిన బిడ్డకు పలకరింపు లోటు కూడా తోడవకూడదు.

రుమేనియా అనాథాశ్రమాల్లో పిల్లలకు తిండీ పక్కా ఉండేవి, ఒళ్లోకి తీసుకునేవాళ్లే కరువు. 2000లో అక్కడి బుకారెస్టులో 136 మంది పసివాళ్లతో ఒక పరిశోధన మొదలుపెట్టి, సగం మందిని పెంపుడు ఇళ్లకు పంపి, ఏళ్ల తరబడి గమనించారు. రెండేళ్లలోపు ఒక ఇంటికి చేరినవాళ్లు బాగా కోలుకున్నారు, ఆలస్యమైనవాళ్లు అంతగా తేరుకోలేదు. ఆ ఆశ్రమాల గదుల్లోకి వెళ్లినవాళ్లను ముందు కలచివేసింది అక్కడి నిశ్శబ్దమట. ఏడ్చినా ఎవరూ రారని తెలిశాక పిల్లలు ఏడుపే మానేస్తారు. మీ ఇల్లు అలాంటిది కాదు, నాకు తెలుసు. అయినా ఆ మాట గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కొలంబియాలోని బొగోటాలో 1970ల చివర ఇలాంటి అద్దాల పెట్టెలు చాలక, ఎద్గార్ రే అనే డాక్టరు తక్కువ బరువు పిల్లల్ని తల్లుల గుండెలకే కట్టించాడు. అదే కంగారూ పద్ధతి. తర్వాత ఆ ఊళ్లోనే అలా పెంచిన పిల్లల్ని 20 ఏళ్లకు వెతికి చూస్తే, మిగతావాళ్ల కన్నా దూకుడూ, కుదురులేనితనమూ తక్కువగా ఉన్నాయి.

అందుకని, చొక్కా విప్పి డైపరుతోనే వాణ్ణి నీ గుండె మీద పడుకోబెట్టుకో, పైన దుప్పటి కప్పు. తల ఒక పక్కకి తిప్పి, ముక్కుకు గాలి ఆడేలా చూడు. నీకు నిద్ర ముంచుకొస్తే అల్లుడికివ్వు. తండ్రి గుండె కూడా వెచ్చగానే ఉంటుంది. సీసా ఆనించి వదలొద్దు, పొలమారితే ప్రమాదం. ఒళ్లో పెట్టుకుని, కళ్లలోకి చూస్తూ పట్టు. ఏ కబుర్లైనా సరే, చెబుతూ ఉండు.

పుట్టి మూడు నెలలైనా నవ్వడం లేదని దిగులు పడకు. 11 వారాలు ముందొచ్చాడు, ఆ లెక్క తీసేస్తే వాడింకా రెండు వారాల బిడ్డే. రెండేళ్లు వచ్చేదాకా అలాగే లెక్కపెట్టు. కళ్ల పరీక్ష, చెవుల పరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు. ఏడవడం లేదన్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పు.

శనివారం పొద్దున్న బస్సుకు వస్తున్నాను. వారం రోజులుంటాను. వంట నాది, నువ్వు వాణ్ణి దించకు.